మండపీత కట్టు

చేపల మార్కెట్లో మండపీత ముందు నిలబడ్డవాళ్ళ చూపు ముందుగా దాని డెక్కల మీదికే పోతుంది. ఎంత లావున్నాయి, కిలోకి ఎన్ని తూగుతాయి, గుడ్డు ఉందా, ధర ఏమన్నా తగ్గిస్తారా అని అడుగుతాం. ఈసారి అక్కడ నిలబడినప్పుడు డెక్కలను కాసేపు వదిలేసి, వాటిని కట్టిన తాడును చూడండి. రెండు మూరలకు మించని తాడు. వీపు వెనక ఒక ముడి. నత్తగుల్లను పగలగొట్టి తినే జంతువును, మనిషి వేలిని నుజ్జు చేయగల జంతువును, ఆ తాడు నాలుగైదు రోజులు పట్టి ఉంచుతుంది. పట్టి ఉంచి కూడా దాన్ని చంపదు, కుంటిదాన్ని చేయదు.

గూడూరు చుట్టుపక్కల చేతిపని అంటే అందరూ వెంకటగిరి చీర పేరే చెబుతారు. పాతతరం వాళ్ళయితే అభ్రకం గనులు జోరుగా నడిచిన రోజుల్లో, రాయిలాంటి గడ్డను కత్తిమొనతో పల్చటి పొరలుగా చీల్చిన చేతులను తలుచుకుంటారు. ఆ రెండు పనులకూ ఆ గౌరవం న్యాయమే. పీత కట్టే పనిని మాత్రం ఆ వరసలో ఎవరూ నిలబెట్టరు. కూలి పని అంటారు, అంతటితో ఊరుకుంటారు. నేను దాన్ని ఆ వరసలోనే నిలబెడతాను. మగ్గం మీది పోగు నేతగాడి మీద తిరగబడదు. అభ్రకం కత్తికి ఎదురు తిరగదు. ఇక్కడ చేతిలో ఉన్న ముడిసరుకుకు ప్రాణముంది, కోపముంది, పది కాళ్ళున్నాయి.

గూడూరు నుంచి తూర్పుకు పోతే చిల్లకూరు, కోట, వాకాడు మండలాల మీదుగా బంగాళాఖాతం తగులుతుంది. ఉత్తరాన కృష్ణపట్నం దగ్గర కండలేరు ఉప్పుటేరు. దక్షిణాన స్వర్ణముఖి సముద్రంలో కలిసే చోటు, దుగరాజపట్నం, రాయదొరువు, ఆ కిందికి పులికాట్ సరస్సు. ఒడిశాలోని చిలికా తర్వాత దేశంలో అంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. వీటి పొడుగునా బకింగ్‌హామ్ కాలువ. ఏటి నీరూ సముద్రపు నీరూ కలిసే ఈ బురద నేల మండపీతకు సొంతిల్లు. తల్లిపీత గుడ్లు పొదగడానికి సముద్రంలోకి పోతుంది. పిల్లలు అయిదు లార్వా దశలు, ఆ తర్వాత ఇంకొక మధ్య దశ దాటి, పీత రూపు వచ్చే వేళకు ఏటి మొగల వైపు మళ్ళుతాయి. మొగ ఇసుకతో పూడితే ఈ రాకపోకలు తెగిపోతాయి. రాయదొరువు మొగ తవ్వించండని జాలర్లు ఏళ్ళ తరబడి మొత్తుకుంటున్నది రొయ్య కోసమో చేప కోసమో మాత్రమే కాదు, పీత కోసం కూడా.

కట్టును అర్థం చేసుకోవాలంటే ముందు పీత ఒంటిని చదవాలి. మండపీతలన్నీ ఒకటే జాతా కాదా అని శాస్త్రజ్ఞులు కూడా చాలాకాలం తికమకపడ్డారు. 1998లో కీనన్, డేవీ, మాన్ అనే ముగ్గురు జన్యువులనూ ఆకారాన్నీ పోల్చి చూసి ఇవి నాలుగు జాతులని తేల్చారు. మన తీరంలో ముఖ్యంగా దొరికేవి రెండు. ఒకటి స్కిల్లా సెరేటా. ఆకుపచ్చ డిప్ప, కాళ్ళన్నిటి మీదా గళ్ళ మచ్చలు, రెండు కిలోలు దాటి కూడా పెరిగే ఒళ్ళు. రెండోది స్కిల్లా ఒలివేసియా. పరిమాణంలో చిన్నది, డెక్కల్లో ఎరుపు కనిపిస్తుంది. మొదటిదానికి డెక్క మణికట్టు బయటివైపు రెండు పదునైన మొనలుంటాయి, రెండోదానికి ఆ మొనలు అణిగిపోయి ఉంటాయి. తాడు తిప్పే చేయి సరిగ్గా ఆ మణికట్టు పక్కనుంచే పోవాలి. పుస్తకం ముట్టనివాడైనా ఈ తేడాను వేలి చివరతో పట్టేస్తాడు.

రెండు డెక్కలూ ఒకటి కావు. సాధారణంగా కుడిది పగలగొట్టేది. దాని లోపలి పళ్ళు మొద్దుగా, దవడ పళ్ళ తీరులో ఉంటాయి. ఎడమది కోసేది, పళ్ళు సన్నం, పదునెక్కువ. అంటే రెండు పక్కలా ఒకే కొలత తాడు సరిపోదు. లావు డెక్క వైపు ఎక్కువ తాడు పడుతుంది, లాగే బలం కూడా ఎక్కువే కావాలి. ముడి నడివీపు మీదికి రావాలంటే ఆ తేడాను మొదటి చుట్టులోనే సర్దుకోవాలి. అనుభవం లేని చేతికి ముడి ఎప్పుడూ ఒక పక్కకు జారి కూర్చుంటుంది.

వెనక కాళ్ళ జత తెడ్లలాగా చదునుగా ఉంటుంది. మండపీత ఈదే పీత, ఆ తెడ్లతోనే నీళ్ళలో పక్కకు దూసుకుపోతుంది. మనిషికి పట్టు దొరికేది కూడా అక్కడే. డిప్ప వెనక అంచును, తెడ్ల మొదళ్ళను కలిపి పట్టుకుంటే డెక్కలు అంత వెనక్కి తిరగలేవు.

ఇక అన్నిటికంటే సున్నితమైన సంగతి. పీతకు తన కాలును తానే వదిలేసుకునే శక్తి ఉంది. డెక్కకో కాలికో భరించలేని దెబ్బ తగిలినా, గట్టిగా చిక్కుకుపోయినా, దాని మొదలు దగ్గర ముందే ఏర్పడి ఉన్న గీత వెంబడి దాన్ని తెంపేసుకుంటుంది. లోపలి పొర ఆ గాయాన్ని మూసేసి రక్తం పోకుండా ఆపుతుంది. తర్వాత డిప్ప విడిచినప్పుడు కొత్త డెక్క మొలుస్తుంది, మొదట్లో చిన్నదిగా. అడవిలా పెరిగిన మడచెట్ల మధ్య ప్రాణం కాపాడే ఈ ఉపాయం తూకం బల్ల మీద మాత్రం నష్టం తెస్తుంది. డెక్క రాలిన పీతకు ధర పడిపోతుంది. కట్టేవాడు కోపంగా, తొందరగా, మోటుగా కడితే పీత డెక్కను వదిలేస్తుంది. వదులుగా కడితే డెక్క బయటికి తీసి పక్క పీతను కొరుకుతుంది, లేదా బుట్టలో చేయి పెట్టినవాడిని కొరుకుతుంది. పసిబిడ్డకు మొలతాడు కట్టే తల్లి చేతికి తెలిసిన బిగువు అది: జారకూడదు, ఒరుసుకోకూడదు.

ఇప్పుడు కట్టడం చూద్దాం. మనిషి నేల మీదో పీట మీదో కిందికి కూర్చుంటాడు. పీతను బల్లపరుపుగా, పొట్ట నేలకు ఆనేటట్టు పెడతాడు. అరిపాదంతో డిప్ప మీద మెల్లగా నొక్కుతాడు. కొందరు పాదానికి బదులు ఎడమ అరచేయి వాడతారు. ఈ నొక్కుడులోనే సగం పని ఉంది. ఎక్కువ నొక్కితే పీత బెదిరి డెక్కలు చాస్తుంది, చాచిన డెక్కను మడవడం కష్టం. తక్కువ నొక్కితే పక్కకు జారిపోతుంది. సరిగ్గా నొక్కితే కాసేపు పెనుగులాడి డెక్కలను తనంతట తానే మొహం ముందుకు ముడుచుకుంటుంది. అది దాని సొంత కాపుదల భంగిమ. నేర్పరి ఆ క్షణం కోసమే ఆగుతాడు. పీతను తన భంగిమలోకి వంచడు, పీత తన భంగిమలోకి వచ్చినప్పుడు కడతాడు. ఈ పనిలో నాకు అన్నిటికంటే నచ్చినది ఇదే.

తాడు నడిమి భాగం పీత మొహం ముందునుంచి వస్తుంది. ముడిచిన రెండు డెక్కల వేళ్ళూ మూసుకుని ఉండగానే తాడు వాటి మీదుగా పోయి, లావైన భాగాన్ని ఒంటికి అదుముతుంది. అక్కడినుంచి రెండు పక్కలా డెక్క మొదటికీ మొదటి నడక కాలికీ మధ్య ఉన్న సందులో దిగుతుంది. ఆ సందు చిన్నది. పీత ఊపిరి కోసం నీటిని లోపలికి తీసుకునే దారి కూడా డెక్కల మొదళ్ళ దగ్గరే ఉంది, వాడిన నీరు నోటి పక్కనుంచి బయటికి వస్తుంది. ఒడ్డున పెట్టిన పీత నోటి దగ్గర నురగ కట్టేది అందుకే. తాడు డెక్క మీద బిగియాలి గాని నోటి రేకుల్లోకి దిగబడకూడదు. సందులో దిగిన రెండు కొసలూ పొట్టకింద ఒకదాన్నొకటి దాటుకుని, వెనక తెడ్ల మధ్యనుంచి పైకి వస్తాయి. అక్కడ, డిప్ప వెనక అంచు మీద, ఒక లాగుడు, ఒక ముడి. డెక్కలకు అందనంత దూరంలో ముడి ఉంటుంది. మిగిలిన కొసను చిన్న ఉచ్చుగా వదిలితే పీతను ఎత్తడానికి పట్టు దొరుకుతుంది. ఇదంతా చదవడానికి పట్టిన సమయంలో అలవాటైన మనిషి రెండు మూడు పీతలు కట్టి పక్కన పెడతాడు.

పొట్టకింద తాళ్ళు దాటుకునే చోటును ప్రత్యేకంగా చూడండి. మగపీతకు పొట్ట రేకు సన్నటి త్రికోణం, ఆడపీతకు వెడల్పాటి గుండ్రటి ఆకారం. తాడు ఆ రేకును ఛాతీకి నొక్కిపెట్టాలి గాని దాని అంచును పైకి లేపకూడదు. గుడ్డున్న ఆడపీత ఖరీదంతా ఆ డిప్ప లోపలే ఉంది, కొనేవాళ్ళు డిప్పా పొట్ట రేకూ కలిసే అతుకు దగ్గర వెలుతురులో పట్టి చూసి లోపలి రంగును బట్టి ధర కడతారు. ఆ అతుకు మీద తాడు పడితే చూడడానికి వీలుండదు. మంచి కట్టు ఆ చోటును తెరిచే ఉంచుతుంది.

నడక కాళ్ళను మన దగ్గర సాధారణంగా కట్టరు. చైనాలో వెంట్రుకల డెక్కల మంచినీటి పీతను మొత్తం కాళ్ళతో సహా కట్టి, అలాగే ఆవిరి మీద ఉడికిస్తారు. ఇక్కడ కాళ్ళు వదిలేయడం బద్ధకం కాదు. పీత బతికుందో లేదో కాలు చెబుతుంది. కొనేవాడు కాలి చివర తాకుతాడు, పీత చటుక్కున లాక్కుంటే సరుకు మంచిది. చచ్చిన పీత గంటల్లో పాడవుతుంది, దాన్ని ఎవరూ కొనరు. ఆ మూడు జతల కాళ్ళు వదలడం అంటే సరుకు గురించి నిజం చెప్పే అవకాశం సరుకుకే ఇవ్వడం.

తాడు విషయంలోనూ తెలివి కావాలి. జనపనార పురికొస తడిస్తే ఉబ్బి ముడిని పట్టేస్తుంది, ఒక చుట్టు చాలు. అయితే నీళ్ళు పీల్చి బరువు పెరుగుతుంది, తూకంలో తగాదా వస్తుంది. నైలాన్, ప్లాస్టిక్ తాళ్ళు నీళ్ళు పీల్చవు, కానీ నున్నగా జారతాయి, కాబట్టి ఇంకో మెలిక వేసి బలంగా లాగాలి. సన్నటి నైలాన్ అయితే కీళ్ళ దగ్గర కోసుకుంటుంది. లావు తాడు సందులో దిగదు. తడి తాడుతో తూకం పెంచే మోసం చైనా మార్కెట్లలో పెద్ద గొడవే అయింది. పీత కొనేటప్పుడు తాడు ఎంత లావుందో చూడడం మన కొనుగోలుదారులకూ మంచిదే.

కట్టడానికి ముందు పట్టడం ఉంది. వలతో, ఎర కట్టిన రింగు వలతో పట్టేవాళ్ళున్నారు. నా మనసుకు దగ్గరైనది బొక్కలోంచి తీసే పద్ధతి. పాటు వేళ నీరు తీసినప్పుడు, బురదలో అడ్డంగా వెడల్పుగా ఉన్న బొక్క మొహం కనిపిస్తుంది. బయట తాజాగా తోడేసిన బురద, కాళ్ళ గీతలు ఉంటే పీత లోపల ఉన్నట్టు. చివర వంచిన ఇనప చువ్వను లోపలికి పంపి, రాయి తగిలిందా, వేరు తగిలిందా, డిప్ప తగిలిందా అని చేతికి వచ్చే అదురును బట్టి తెలుసుకుంటారు. పీత చువ్వను పట్టుకుంటే ఆ పట్టు వదలకముందే ఓపికగా బయటికి రప్పిస్తారు. లాగితే డెక్క ఊడి వస్తుంది. అంటే కట్టులో ఉన్న మర్యాదే పట్టులోనూ ఉంది. నెల్లూరు తీరంలో ఈ విద్యలో యానాదులకు మించినవాళ్ళు లేరు. శ్రీహరికోట వాళ్ళ పాత ఆవాసం. అక్కడ రాకెట్ కేంద్రం వచ్చి, 1971 అక్టోబరు 9న మొదటి రోహిణి రాకెట్ ఎగిరింది. ఆ కేంద్రం కోసం వాళ్ళలో చాలామందిని దీవి బయటికి తరలించారు. అడవినీ ఉప్పునీటినీ చదివిన ఆ జ్ఞానం చాలావరకు ఇప్పుడు రోజు కూలికి అమ్ముడవుతోంది.

ప్రపంచంలో మరోచోట పీత కట్టడమంటే ఇంకో అర్థం ఉంది. అమెరికాలోని ఫ్లోరిడా తీరంలో పర్మిట్ అనే చేప ఉంది, పాంపనో కుటుంబంలో పెద్దది. గొంతులోని గట్టి పలకలతో పీతలను నలిపి తింటుంది. అనుమానం జాస్తి. దాన్ని గాలానికి రప్పించడానికి దారంతో, నూలుతో పీత బొమ్మను కడతారు. 1980ల్లో కాలిఫోర్నియాకు చెందిన డెల్ బ్రౌన్ తయారుచేసిన మెర్కిన్ అనే కట్టు చాలా పేరు తెచ్చుకుంది. గాలం కాడ మీద లేత గోధుమ, ముదురు గోధుమ రంగు తివాచీ నూలు ముక్కలను అడ్డంగా పెట్టి ఒక్కోదాన్ని ఎనిమిది అంకె ఆకారపు చుట్టుతో బిగిస్తారు, తర్వాత కత్తిరించి డిప్ప ఆకారం తెస్తారు. కోడి ఈకల కొసలు రెండు డెక్కలు. రబ్బరు దారాలు కాళ్ళు, వాటి చివర ఎర్ర రంగు. గాలం కన్ను దగ్గర సీసపు గుండ్ల జత. ఆ బరువు వల్ల బొమ్మ మొహం కిందికి వాలి, ఇసుకలో దాక్కోవడానికి పోతున్న పీతలాగా ఏటవాలుగా దిగుతుంది, ముల్లు పైకి తిరిగి రాళ్ళకు తగలకుండా ఉంటుంది. చేప చూసేదాకా కదిపి, చూశాక కదపడం ఆపేసి, దాన్ని అలా దిగనివ్వడమే వేటలో రహస్యం. బెదిరిన పీత చేసేది అదే గనక. డెల్ బ్రౌన్ ఈ విధంగా తన జీవితంలో 500కు పైగా పర్మిట్ చేపలు పట్టాడు. ఇలాంటి బొమ్మ గాలంతో ఒక్క పర్మిట్ పట్టడమే గొప్ప అనుకునే వేట అది.

పర్మిట్‌కు దగ్గర చుట్టమైన వెండి పాంపనో మనకూ కొత్తది కాదు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ 2011లో తమిళనాడులోని మండపం అనే ఊళ్ళో దాన్ని పిల్లలు పెట్టించడంలో నెగ్గింది. తర్వాత మన గోదావరి తీరపు చెరువుల్లో పెంచి చూపించారు. మన దగ్గర అది మేత తిని పెరిగే చేప, దాని కోసం ఎవరూ నూలు పీత కట్టరు.

అమెరికాలో కట్టేవాడు నూలుకు పీత స్వభావం అద్దుతాడు. ఇక్కడివాడు నిజం పీతను దాని స్వభావం చెడకుండా ఆపుతాడు. ఇద్దరికీ కావలసిన చదువు ఒకటే: బెదిరితే పీత ఏం చేస్తుంది, డెక్క ఎటు మడుస్తుంది, బరువు ఎక్కడ ఉంది. అక్కడ ఆ చదువుకు పుస్తకాలున్నాయి, కట్టిన మనిషి పేరుతో కట్టుకు పేరుంది, నేర్పే తరగతులున్నాయి. ఇక్కడ కట్టుకు లెక్క పీతకు ఇంత అని కూలి మాత్రమే. ఈ తేడా నాకు బాధగానే ఉంది.

ఆ కూలి చేతి మీద ఎంత భారం ఉందో పీత ప్రయాణం చూస్తే తెలుస్తుంది. ఏటి గట్టున కొన్న పీతలను బరువును బట్టి, మగ ఆడ తేడాను బట్టి వేరుచేస్తారు. తడి గోనె కప్పిన బుట్టలు రోడ్డు మీద, రైలు మీద చెన్నైకి పోతాయి. గూడూరు జంక్షన్ నుంచి చెన్నై సెంట్రల్‌కు 138 కిలోమీటర్లు. అక్కడ మళ్ళీ ఏరి, చిల్లులున్న పెట్టెల్లో సర్ది, విమానాల్లో సింగపూర్ లాంటి చోట్లకు ప్రాణంతో పంపుతారు. నీడ, చల్లదనం, తడి ఉంటే మండపీత నీళ్ళు లేకుండా రోజుల తరబడి బతుకుతుంది. ఇన్ని చేతులు మారినా ఏటి గట్టున వేసిన ముడిని మాత్రం సాధారణంగా ఎవరూ విప్పి మళ్ళీ కట్టరు. చివరికి దాన్ని కోసేది వంటమనిషి కత్తే.

డిప్ప విడిచిన కొత్తలో పీత లోపల కండ ఉండదు, నీళ్ళే ఉంటాయి. నీళ్ళ పీత అంటారు. కట్టేవాడు కాలి మొదటి దగ్గర, పొట్ట పక్కన బొటనవేలితో నొక్కి చూస్తాడు. మెత్తగా లోపలికి పోతే అది పెట్టెలోకి పనికిరాదు. అలాంటివాటిని చెరువులో వదిలి మూడు నాలుగు వారాలు చేపముక్కలు మేపితే కండ పడుతుంది. 1990ల నడుమ తెల్లమచ్చ రోగం నెల్లూరు రొయ్య చెరువులను కుదేలు చేశాక పీతల వైపు చూసిన రైతులూ ఉన్నారు. విత్తనం కొరత మాత్రం చాలాకాలం వెంటాడింది. తమిళనాడులో శీర్గాళి దగ్గర సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ (ఎంపెడా) వారి రాజీవ్ గాంధీ ఆక్వాకల్చర్ కేంద్రం మండపీత పిల్లల హేచరీ నడపడం మొదలుపెట్టాక, ఏటిలో పిల్లలను ఏరుకొచ్చే అవసరం కొంతైనా తగ్గింది.

మత్స్యశాఖ శిక్షణల్లో చెరువు గురించి, మేత గురించి, రోగం గురించి పాఠాలుంటాయి. కట్టు గురించి కూడా ఒక పూట పెట్టాలి, ఆ పూట నేర్పేది కట్టే మనిషే కావాలి, ఆ పూటకు అతనికి కూలి కాదు, గురువుకిచ్చే పారితోషికం ఇవ్వాలి. డెక్క రాలని పీత వల్ల వ్యాపారికి మిగిలేది లెక్క వేస్తే ఆ ఖర్చు ఎంతో కాదు.

ఇక కొనే మీకు. పొట్ట రేకు బయట గుడ్ల గుత్తి వేలాడుతున్న తల్లిపీతను కొనకండి, అది సముద్రానికి పోవలసింది. అరచేయి నిండని చిన్న పీతను అడగకండి. ఇంటికి తెచ్చాక కట్టును డెక్కల వైపునుంచి లాగకండి. ముందు పీతను మంచుముక్కల్లో బాగా చల్లబడేదాకా ఉంచండి, కదలిక ఆగాక వెనక ముడిని కత్తెరతో కోయండి. కోసేముందు ఆ ముడిని ఒకసారి తిప్పి చూడండి. మళ్ళీ కొనేటప్పుడు, బాగా కట్టిన బుట్ట ఎవరిదో అడిగి వాళ్ళ దగ్గరే కొనండి.